'ది గివర్' నవలలో క్రైస్తవ ప్రతీకలను చదవడం ఎలా: మెట్టు మెట్టుగా ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికన్ రచయిత్రి లోయిస్ లౌరీ 1993లో ప్రచురించిన 'ది గివర్' నవలలోని సమాజంలో చర్చి గానీ, పాస్టరు గానీ, ప్రార్థన గానీ ఎక్కడా కనిపించవు. అయినా కథానాయకుడు జోనస్ పేరు నీనెవెకు పంపబడిన ప్రవక్త యోనా పేరే. అతడు కాపాడే పసివాడి పేరు గాబ్రియేల్, అంటే మరియకు శుభవర్తమానం తెచ్చిన దేవదూత పేరు. చివరి పుటలో మంచు కొండ దిగువన చెట్ల మీద మెరిసే ఎరుపు, నీలం, పసుపు దీపాలను చూడగానే క్రిస్మస్ గుర్తుకు వస్తుంది. దేవుణ్ణి పూర్తిగా మరచిపోయిన ఒక లోకంలో బైబిలు తునకలు తునకలుగా మిగిలి ఉన్నట్లు అనిపించడమే ఈ నవలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే విశేషం.

ఆ తునకలను ఏరి, వాటిని బైబిలు పక్కన పెట్టి, ఎక్కడ అతుకుతున్నాయో, ఎక్కడ అతకడం లేదో ఓపికగా చూడడం నేర్పడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ఎనిమిదో తరగతి మొదలుకొని ఇంటర్మీడియట్ వరకు చదువుతున్న పిల్లలకు, వారితో కలిసి చదివే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, సండే స్కూలు బోధకులకు ఇది పనికొస్తుంది. కథ ముగింపుతో సహా అన్నీ ఇక్కడ చర్చకు వస్తాయి కనుక, నవల చదవనివారు ముందు దానిని చదివి ఆ తరువాత ఇక్కడికి రావడం మంచిది.

కావలసిన సామగ్రి కొంచెమే: నవల ప్రతి ఒకటి, తెలుగు పరిశుద్ధ గ్రంథము ఒకటి, ఒక నోటు పుస్తకం. 2014లో వచ్చిన సినిమా నవలకు బదులు కాదు. అందులో పిల్లవాడైన జోనస్‌ను యువకుడిగా మార్చారు, ఆ మార్పుతో కొన్ని ప్రతీకలు చెదిరిపోయాయి.

మొదటి మెట్టు: మొదటిసారి ప్రతీకల కోసం వెదకకుండా చదవండి

నవలలో ఉన్నవి 23 అధ్యాయాలు. వాటిని ఒక వారంలో, కథగా మాత్రమే, పెన్సిలు పక్కన పెట్టి చదవండి. ప్రతి వాక్యంలో సిలువ కోసం వెదికే పాఠకుడికి సిలువలే కనిపిస్తాయి, కథ కనిపించదు. ఈ మొదటి పఠనంలో ఒక్క పని చేస్తే చాలు: మనసు ఎక్కడ గతుక్కుమందో ఆ అధ్యాయం సంఖ్యను మాత్రం రాసుకోండి. చాలామంది 19వ అధ్యాయం రాసుకుంటారు. ఎందుకో ముందుకు వెళితే తెలుస్తుంది.

రెండో మెట్టు: ఆ సమాజంలోని ఆచారాల పట్టిక వేయండి

ప్రతీకలలోకి వెళ్లే ముందు ఆ లోకం ఎలా నడుస్తుందో స్పష్టంగా తెలిసి ఉండాలి. అక్కడి పద్ధతిని 'ఏకరూపత' అందాం. రంగులు లేవు, ఎండావానలు లేవు, కొండలు లేవు, సంగీతం లేదు. పెళ్లి, సంతానం, వృత్తి అన్నీ పెద్దల సంఘం నిర్ణయిస్తుంది. గతాన్ని గురించిన జ్ఞాపకాలన్నీ ఒకే ఒక మనిషి మోస్తాడు. అతడిని జ్ఞాపకాల స్వీకర్త అంటారు. పన్నెండేళ్ల జోనస్ ఆ పదవికి ఎంపికైన తరువాత, పాత స్వీకర్త అతడికి జ్ఞాపకాలను అందించే 'దాత' అవుతాడు. నవల పేరు ఆ ముసలివాడిదే.

ఇప్పుడు నోటు పుస్తకంలో ఒక పుటను రెండుగా గీసి, ఎడమవైపు ఆ సమాజపు ఆచారాలను, కుడివైపు అవి గుర్తుచేసే క్రైస్తవ సంఘపు (చర్చి) ఆచారాలను రాయండి. డిసెంబరు వేడుకలో పసిపిల్లలకు పేరు పెట్టి కుటుంబాలకు అప్పగిస్తారు. అది బాప్తిస్మాన్ని తలపిస్తుంది. రాత్రి భోజనం తరువాత ప్రతివారూ ఆనాటి తమ భావాలను కుటుంబం ముందు ఒప్పజెప్పాలి, ఉదయం కలలను చెప్పాలి. కథోలికులు పాపసంకీర్తనం అని పిలిచేది గుర్తుకొస్తుంది. తప్పు చేసినవాడు క్షమాపణ కోరగానే అందరూ కలిసి ఒకే మాటలతో క్షమించామని పలుకుతారు. 'పెద్దలు' అన్న మాట కూడా గమనించదగినదే, మన సంఘాలలో నేటికీ ఆ పేరుతో బాధ్యులు ఉన్నారు.

పట్టిక పూర్తయ్యాక ఎడమవైపు ఉన్న ప్రతి ఆచారంలో ఏది లోపించిందో ఎర్ర సిరాతో రాయండి. ఒప్పుకోలు ఉంది, పశ్చాత్తాపం లేదు. క్షమాపణ ఉంది, క్షమించడానికి కష్టపడవలసినంత గాయం లేదు. ఆరాధన రూపం మిగిలి, ఆరాధింపబడేవాడు లేకపోవడమే లౌరీ చిత్రించిన లోకపు భయం. ఇది అర్థం కాకుండా ఆపిల్ గురించీ క్రిస్మస్ దీపాల గురించీ ఎంత రాసినా పైపై మాటలే అవుతాయి.

మూడో మెట్టు: పేర్లను తెలుగు బైబిలులో వెదికి చూడండి

ఆంగ్లంలో జోనస్ అన్నది యోనా పేరుకు గ్రీకు భాష మీదుగా వచ్చిన రూపం. హెబ్రీలో ఆ మాటకు పావురమని అర్థం. జలప్రళయం తరువాత ఓలీవ ఆకుతో తిరిగివచ్చిన పావురమూ, యేసు బాప్తిస్మ సమయంలో పావురమువలె దిగివచ్చిన ఆత్మా ఈ ఒక్క పదం చుట్టూ చేరతాయి. యోనా గ్రంథంలో ఉన్నవి నాలుగే అధ్యాయాలు, అరగంటలో చదవవచ్చు. చదివాక పోలికను, తేడాను పక్కపక్కన రాయండి. ప్రవక్త యోనా దేవుని ఆజ్ఞను తప్పించుకోవడానికి పారిపోయాడు. జోనస్ పారిపోవడమే అతడి విధేయత. యోనా నీనెవె రక్షింపబడినందుకు అలిగి కూర్చున్నాడు. జోనస్ తన ఊరిని రక్షించడానికే ఊరు విడిచాడు.

పోలికలో అందరూ దాటిపోయే చోటు ఆ గ్రంథం చివరి వచనం. నీనెవెలో కుడి యెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలమందికి పైగా జనం ఉన్నారని, వారి విషయమై తాను విచారపడవద్దా అని దేవుడు యోనాను అడుగుతాడు. జోనస్ తండ్రిని గుర్తుచేసుకోండి. అతడు పసిపిల్లలను సాకే ఉద్యోగి, మృదువుగా మాట్లాడేవాడు, గాబ్రియేల్‌ను ప్రేమతో ఇంటికి తెచ్చుకున్నవాడు. ఆ చేతులతోనే కవలలలో బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇస్తాడు. అతడు క్రూరుడు కాడు, కుడి యెడమలు ఎరుగనివాడు. ఈ ఒక్క వచనం చేతిలో ఉంటే నవలలోని అతి కష్టమైన పాత్రను ద్వేషించకుండా చదవగలుగుతాం. సిలువ మీద నుంచి పలికిన "వీరేమి చేయుచున్నారో వీరెరుగరు" అన్న మాట కూడా ఇక్కడికి వచ్చి చేరుతుంది.

గబ్రియేలు దానియేలు గ్రంథంలోను, లూకా సువార్త మొదటి అధ్యాయంలోను కనిపించే దూత. అతడు వచ్చిన ప్రతిచోటా ఒక వార్త చెబుతాడు. నవలలోని గాబ్రియేల్‌కు ఇంకా మాటలు సరిగా రావు. అతడు బతికి ఉండడమే వార్త. లేతరంగు కళ్లున్న ఆ పసివాడు జ్ఞాపకాలను అందుకోగలడని తెలిసిన రాత్రి నుంచి, జోనస్‌కు భవిష్యత్తు ఉందన్న నమ్మకం కలుగుతుంది.

రోజ్‌మేరీ అన్న పేరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దాత కూతురైన ఆమె జోనస్ కంటే పదేళ్ల ముందు స్వీకర్తగా ఎంపికై, ఐదు వారాలకే ఆ బాధ తట్టుకోలేక తనను 'విడుదల' (ఆ సమాజంలో చంపివేయడానికి వాడే మాట) చేయమని కోరింది. పేరులో మేరీ వినిపిస్తుంది కనుక ఆమెను యేసు తల్లి మరియతో పోల్చడం సులభం, కానీ ఆ పోలిక నిలవదు. ఆ పేరు గల మొక్కను ఐరోపావాసులు శతాబ్దాలుగా జ్ఞాపకానికి గుర్తుగా వాడుతున్నారు; జ్ఞాపకాల నవలకు ఆ అర్థమే సహజంగా సరిపోతుంది. పేరు ధ్వని కలిసినంత మాత్రాన ప్రతీక అయిపోదని నేర్చుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. కాలేబు అనే చిన్న పాత్రను మాత్రం చివరి మెట్టు కోసం దాచి ఉంచుతున్నాను.

నాలుగో మెట్టు: ఆపిల్‌ను, తెరుచుకున్న కళ్లను కలిపి చదవండి

మూడో అధ్యాయంలో జోనస్ స్నేహితుడితో ఆపిల్‌ను విసురుకుంటూ ఆడుతుండగా, గాలిలో ఉన్న ఆ పండు ఒక్క క్షణం మారినట్లు కనిపిస్తుంది. అతడికి కనిపించినది ఎరుపు రంగు అని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఆపిల్ అనగానే ఏదెను తోట అని రాసేయడం పరిపాటి. అయితే ఆదికాండంలో ఆపిల్ అన్న మాటే లేదు, తెలుగు బైబిలు కూడా 'ఫలము' అనే అంటుంది. లాటిన్‌లో ఆపిల్‌కు, కీడుకు దాదాపు ఒకే పదం ఉండడం వల్ల, ఐరోపా చిత్రకారులు తరతరాలుగా అలాగే చిత్రించడం వల్ల ఆ పండు ఆపిల్‌గా స్థిరపడింది. కాబట్టి ఈ ప్రతీక బైబిలు నుంచి నేరుగా కాక, పాశ్చాత్య చిత్రకళ మీదుగా నవలలోకి వచ్చిందని రాయడం సరైన పద్ధతి.

ఇక అసలు పోలిక పండులో కంటే కళ్లలో ఉంది. ఆదికాండం మూడో అధ్యాయంలో ఫలం తిన్న తరువాత "వారిద్దరి కన్నులు తెరవబడెను". జోనస్ ఏమీ తినలేదు, ఏ ఆజ్ఞనూ మీరలేదు. కళ్లు వాటంతటవే తెరుచుకోవడం మొదలుపెట్టాయి. ఏదెనులో తెలివి వచ్చాక మనుషులు తోట నుంచి వెళ్లగొట్టబడ్డారు, ఇక్కడ తెలివి వచ్చినవాడు తానే తోటను వదిలి వెళ్లాడు. ఏదెనులో నిషేధించినవాడు దేవుడు, ఇక్కడ నిషేధించినవారు దేవుని స్థానంలో కూర్చున్న మనుషులు. ఈ రెండో తేడాను రాయకపోతే, లౌరీ పాపాన్ని పొగిడిందన్న తప్పుడు నిర్ధారణకు విద్యార్థి వెళ్లిపోతాడు. పాశ్చాత్య సంఘాలలో ఈస్టర్ ముందు రాత్రి పాడే ప్రాచీన స్తుతిగీతంలో, ఇంత గొప్ప విమోచకుడిని తెచ్చిపెట్టిన ఆదాము దోషాన్ని ధన్యమైన దోషమని పిలవడం కూడా ఇక్కడ గుర్తుచేయవచ్చు.

ఐదో మెట్టు: భారం మోసేవాడు ఎవరు, ఆ భారం చివరికి ఎక్కడికి పోయింది?

నవల గుండెకాయ ఇదే కనుక దీనికి ఒక వారం కేటాయించండి. ముందుగా, ఇతరుల బాధను మోసే దేవుని సేవకుణ్ణి వర్ణించే యెషయా గ్రంథం 53వ అధ్యాయం గట్టిగా చదవండి: "నిశ్చయముగా అతడు మన రోగములను భరించెను మన వ్యసనములను వహించెను." పిల్లలకు ఒక మాట వివరించాలి. నేటి తెలుగులో వ్యసనమంటే తాగుడువంటి చెడు అలవాటు. ఇక్కడ ఆ మాటకు దుఃఖమని పాత అర్థం. ఆ అర్థంతో చదివితే దాత కళ్లముందు నిలుస్తాడు. ఊరంతా సుఖంగా నిద్రపోవడానికి అతడొక్కడే యుద్ధాన్ని, ఆకలిని, విరిగిన ఎముకల నొప్పిని తనలో దాచుకున్నాడు. జననాలు పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్దలు అతడి దగ్గరకు పరుగెత్తారు, అతడు ఆకలి జ్ఞాపకంతో వద్దన్నాడు, వారు మానుకున్నారు. అతడి బాధ వారికి పనిముట్టు.

జ్ఞాపకాలు అందించే విధానాన్ని గమనించండి. దాత తన రెండు చేతులనూ పిల్లవాడి వీపు మీద ఉంచుతాడు. సంఘంలో హస్తనిక్షేపణ (తల మీద చేతులుంచడం) ద్వారా పరిచర్యకు నియమించే పద్ధతి తెలిసినవారికి ఈ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. 15వ అధ్యాయంలో యుద్ధరంగపు జ్ఞాపకం వస్తుంది. చావుబతుకుల్లో ఉన్న ఒక కుర్రవాడు నీళ్లు అడుగుతాడు, గాయపడి ఉన్న జోనస్ కష్టం మీద అతడికి నీళ్లు తాగిస్తాడు. యోహాను సువార్త 19వ అధ్యాయంలో "నేను దప్పిగొనుచున్నాను" అన్న మాటను దీని పక్కన పెట్టండి. ఈ పోలికలో దాహంతో ఉన్న కుర్రవాడే క్రీస్తును గుర్తుచేస్తాడు. జోనస్ ఆయనకు నీళ్లు ఇచ్చినవాడు. పాత్రలు ఇలా చేతులు మారుతూ ఉంటాయి కనుకనే, ఒక పాత్రకు ఒకే బైబిలు వ్యక్తిని అతికించే పద్ధతి ఈ నవలకు పనికిరాదు. తెలుగు క్రైస్తవ ఇళ్లలో 'యాత్రికుని ప్రయాణము'గా ఎరిగిన 1678 నాటి జాన్ బన్యన్ రచనలో ప్రతి పాత్ర పేరే దాని అర్థాన్ని చెప్పేస్తుంది. లౌరీ రచన ఆ కోవలోనిది కాదు.

దాతను తండ్రియైన దేవునితో పోల్చేవారూ ఉన్నారు. నాకు ఆ పోలిక నచ్చదు. దాత అలసిపోయినవాడు, కూతురిని పోగొట్టుకున్న దుఃఖం, ఇన్నేళ్లూ మౌనంగా ఉండిపోయానన్న బాధ ఉన్నవాడు. ప్రవక్త ఏలీయా తన తరువాతి ప్రవక్త కాబోయే ఎలీషా మీద తన దుప్పటిని వేసిన ఘట్టం అతడికి ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యెషయా చెప్పిన సేవకుడు భారాన్ని మోసినందువల్ల ఇతరులకు స్వస్థత కలిగింది. నవలలో స్వీకర్త భారాన్ని మోసినందువల్ల ఇతరులు మొద్దుబారిపోయారు. లేవీయకాండం 16వ అధ్యాయంలో ప్రజల దోషాలన్నీ ఒక మేక తలమీద మోపి దానిని అరణ్యానికి పంపివేసే విధి ఉంది. దాత స్థితి దానికి సరిగ్గా సరిపోతుంది. అయితే మేక అరణ్యానికి వెళితే పాపం ఊరికి దూరమవుతుంది. జోనస్ ఊరు దాటితే జ్ఞాపకాలు తిరిగి ఊరి మీదకే వస్తాయి! రోజ్‌మేరీ చనిపోయినప్పుడు ఆమె ఐదు వారాల జ్ఞాపకాలు అలాగే జనం మీద పడ్డాయి. ప్రతీక ఇక్కడ పూర్తిగా తిరగబడింది.

ఈ తిరగబాటును చూసి, నవల క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమని కొందరు తేల్చేస్తారు. నేను అలా అనుకోను. లౌరీ ప్రశ్నిస్తున్నది ప్రేమతో తనను తాను అర్పించుకున్న సేవకుడిని కాదు. తమ దుఃఖాన్ని ఒకడి నెత్తిన రుద్ది, ఆ సంగతే మరచిపోయి హాయిగా బతికే జనాన్ని. అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో "ఒకని భారముల నొకడు భరించి, యీలాగు క్రీస్తు నియమమును పూర్తిగా నెరవేర్చుడి" అంటాడు. జోనస్ ఊరు విడిచిన రాత్రి నుంచి ఆ సమాజం తప్పనిసరిగా చేయవలసి వచ్చిన పని అదే. దాత వారిని వదిలి వెళ్లలేదు; జ్ఞాపకాలు మీదపడి తల్లడిల్లే జనానికి తోడుగా వెనుక ఉండిపోయాడు. యోహాను సువార్త 16వ అధ్యాయంలో, తాను వెళ్లిపోవడం శిష్యులకు ప్రయోజనకరమని, వెళ్లకపోతే ఆదరణకర్త (పరిశుద్ధాత్మ) రాడని యేసు చెప్పిన మాటను ఈ ఘట్టంతో కలిపి చదవండి. ఒకడు వెళ్లాలి, ఒకడు ఆదరించడానికి ఉండాలి. ఈ పోలికను ఎవరైనా కాదనవచ్చు, కానీ యెషయా నుంచి గలతీ వరకు దారి వేసుకుని చదివినవారికి జోనస్ పారిపోవడం పిరికితనంగా కనిపించదు.

ఆరో మెట్టు: 'విడుదల' అన్న మాటను తెలుగు చెవితో వినండి

ముసలివారిని, బలహీనమైన శిశువులను, తప్పు చేసినవారిని ఆ సమాజం చంపివేస్తుంది; దానికి వాడే మాటను తెలుగులో చెప్పుకుంటే 'విడుదల'. తెలుగు క్రైస్తవులకు ఇంతకంటే ప్రియమైన మాటలు కొన్నే ఉన్నాయి. "చెరలోనున్న వారికి విడుదలను" ప్రకటించడానికి తాను వచ్చానని యేసు నజరేతు సమాజమందిరంలో చదివాడు. ప్రార్థన కూటాలలో విడుదల కోసం ప్రార్థిస్తాం, విడుదల పొందామని సాక్ష్యం చెబుతాం. ఆ మాట సూదిమందుకు పేరుగా మారిన చోట ఎంత చేదు పుడుతుందో ఆంగ్లంలో చదివేవారి కంటే తెలుగు పాఠకులకే బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ఇక్కడ ఒక చిన్న అభ్యాసం చేయించండి. మరణాన్ని మృదువుగా చెప్పడానికి మనం వాడే మాటలు పిల్లలచేత రాయించండి: పరమపదించారు, కాలం చేశారు, ప్రభువునందు నిద్రించారు. ఈ మాటలు మరణాన్ని దాచవు. మరణించినవారి పట్ల గౌరవాన్ని, ఒక నిరీక్షణను తెలుపుతాయి. నవలలోని మాట మాత్రం చంపినవాడి నుంచే చావును దాచిపెడుతుంది. 19వ అధ్యాయం ఎందుకు గతుక్కుమనిపిస్తుందో ఈ తేడాతో తెలుస్తుంది.

ఏడో మెట్టు: రాత్రి ప్రయాణం

మత్తయి సువార్త రెండో అధ్యాయాన్ని నవలలోని 21వ అధ్యాయంతో కలిపి చదవండి. హేరోదు రాజు రెండేళ్ల లోపు మగపిల్లలను చంపించబోతుండగా, యోసేపు రాత్రివేళ శిశువును, తల్లిని తీసుకుని ఐగుప్తుకు వెళ్లాడు. గాబ్రియేల్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు. మరునాడు ఉదయం అతడిని 'విడుదల' చేయబోతున్నారని తెలిసి, జోనస్ వేసుకున్న పథకాన్నంతా పక్కన పెట్టి, తండ్రి సైకిలు వెనుక పిల్లవాడిని కూర్చోబెట్టుకుని రాత్రికి రాత్రే నది దాటాడు. ఈ పోలిక అంత స్పష్టం కనుక దీని మీద ఎక్కువ రాయనవసరం లేదు. తరువాత వచ్చే ఆకలి, చలి, వెంటాడే విమానాల ఘట్టాలను ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణంతో పోల్చవచ్చు. కానీ ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన మన్నా అనే ఆహారం జోనస్‌కు ఆకాశం నుంచి కురవలేదన్నది మరువకూడదు. తనలో మిగిలిన కొద్దిపాటి వెచ్చదనపు జ్ఞాపకాన్ని పసివాడికి పంచడమే అతడి దగ్గర ఉన్న ఆహారం.

ఎనిమిదో మెట్టు: ముగింపును తొందరపడి తేల్చకండి

నవల మొదటి వాక్యంలోనే డిసెంబరు వస్తుంది. చలి లేని, మంచు లేని, పండుగ లేని డిసెంబరు అది. క్యాలెండరులో నెల మిగిలింది, ఆ నెలకు అర్థమిచ్చిన జననం మరపున పడింది. 16వ అధ్యాయంలో దాత తనకు అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకాన్ని ఇస్తాడు: దీపాలతో అలంకరించిన చెట్టు, కానుకలు విప్పుతున్న పిల్లలు, వారిని చూస్తూ కూర్చున్న తాతయ్య, నానమ్మ. 'ప్రేమ' అన్న మాట జోనస్‌కు మొదటిసారి తెలిసింది ఆ జ్ఞాపకంతోనే. ఇంటికి వెళ్లి తనను ప్రేమిస్తున్నారా అని తల్లిదండ్రులను అడిగితే, అర్థం లేని పాత మాట వాడవద్దని వారు నవ్వుతూ సరిదిద్దుతారు. చివరి అధ్యాయంలో కొండ దిగువన కనిపించే దీపాలు, వినిపించే పాట ఆ జ్ఞాపకానికి జవాబు.

అయితే జోనస్, గాబ్రియేల్ నిజంగా అక్కడికి చేరారా, లేక చలిలో ప్రాణాలు పోతుండగా జోనస్ కన్న కలా అది? 1994లో అమెరికా బాలసాహిత్య పురస్కారమైన న్యూబెరీ పతకం అందుకుంటూ చేసిన ప్రసంగంలో లౌరీ, ఇదొక్కటే సరైన ముగింపు అని లేదని, ప్రతి పాఠకుడికీ తన నమ్మకాలను బట్టి, ఆశలను బట్టి ఒక ముగింపు ఉంటుందని చెప్పింది. ఆ తరువాత వచ్చిన మూడు నవలలలో, ముఖ్యంగా 2004 నాటి 'మెసెంజర్', 2012 నాటి 'సన్' లలో ఆ ఇద్దరూ బతికే ఉన్నారని తెలుస్తుంది. కనుక పిల్లల చేత మొదటి నవల ఆధారంగానే ఒక జవాబు రాయించి, ఆ తరువాతే మిగతా పుస్తకాల సంగతి చెప్పండి. ముందే చెప్పేస్తే, విశ్వాసంతో అడుగు వేయవలసిన చోట పిల్లలకు సమాచారం మాత్రమే మిగులుతుంది.

తొమ్మిదో మెట్టు: మీ పోలికలను పరీక్షించండి

ఇంతవరకు రాసుకున్న ప్రతి పోలికనూ మూడు ప్రశ్నలు అడగండి. దీనికి నవలలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఆధారం ఉందా? పోలిక తెలియని పాఠకుడికి ఆ ఘట్టం అర్థమవుతుందా, తెలిసినవాడికి ఇంకా లోతుగా అర్థమవుతుందా? పోలిక తప్పిన చోటును నేను నిజాయితీగా రాశానా? రోజ్‌మేరీ–మరియ పోలిక మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. జోనస్ పన్నెండేళ్ల వయసును, పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న ఘట్టంతో పోల్చడం రెండో ప్రశ్న వరకు కుంటుతూ వస్తుంది. దానిని ఒక వాక్యంలో చెప్పి వదిలేయవచ్చు.

ఈ ప్రతీకలలో చాలావరకు క్రైస్తవులవి మాత్రమే కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. యోనా, కాలేబు, యెషయా యూదుల గ్రంథాలలోనివారు. గబ్రియేలు ముస్లింలకు జిబ్రయీల్. తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు కనుక, ఏ పిల్లవాడికి ఏ కథ ఇంట్లో వినిపించిందో అడిగి తెలుసుకుంటే చర్చ ఎంతో పండుతుంది. నవల పుట్టుక గురించి కూడా రెండు మాటలు చెప్పండి. వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి కోల్పోతున్న తన తండ్రి, చిన్న వయసులోనే క్యాన్సరుతో మరణించిన పెద్దకూతురి ఫొటో చూసి, ఆమెకు ఏమైందో తనకు సరిగా గుర్తులేదన్నాడని లౌరీ ఆ న్యూబెరీ ప్రసంగంలోనే తెలిపింది. బాధ గుర్తులేకపోవడం వరమా శాపమా అన్న ప్రశ్న ఆమెకు అక్కడ పుట్టింది. బైబిలు తునకలన్నీ ఆ ప్రశ్న చుట్టూ చేరినవే.

పదో మెట్టు: ఒక పేరా రాసి చూడండి

ఇప్పుడు దాచి ఉంచిన కాలేబు దగ్గరకు వద్దాం. విద్యార్థి రాయవలసిన పేరా ఎలా ఉండాలో చూపడానికి దీన్ని నమూనాగా ఇస్తున్నాను.

"ఆరో అధ్యాయంలో, నదిలో పడి మరణించిన నాలుగేళ్ల కాలేబు స్థానంలో అతడి తల్లిదండ్రులకు మరో శిశువును ఇచ్చి, అదే పేరు పెడతారు. బాలుడు పోయినప్పుడు జనమంతా అతడి పేరును క్రమంగా స్వరం తగ్గిస్తూ పలికి ఆపేశారు. కొత్త శిశువు రాగానే మెల్లగా మొదలుపెట్టి స్వరం పెంచుతూ పలుకుతారు. చూడడానికి ఇది పునరుత్థానంలా ఉంటుంది, కానీ తిరిగి లేచినవారు ఎవరూ లేరు. ఒక బిడ్డకు బదులు ఇంకొక బిడ్డ వచ్చాడు, అంతే. సంఖ్యాకాండంలో వేగు చూడడానికి వెళ్లిన పన్నెండుమందిలో కాలేబు, యెహోషువ మాత్రమే వాగ్దాన దేశంలోకి నడిచి వెళ్లారు. నవలలోని కాలేబు నదిని దాటలేకపోయాడు. ఆ నదినే జోనస్ ఒక పసివాడిని వెంటబెట్టుకుని దాటినప్పుడు, కాలేబు పేరులో మిగిలిపోయిన వాగ్దానం మొదటిసారి నెరవేరడం మొదలవుతుంది."

ఈ పేరాలో నవల ఘట్టం ముందు వచ్చింది, బైబిలు ఘట్టం తరువాత వచ్చింది, తేడా వాటి మధ్య నిలబడింది, చివరి వాక్యం మళ్లీ నవలలోకే తిరిగి వెళ్లింది. మీ పేరా కూడా నవలతో మొదలై నవలతోనే ముగియాలి. వచనాన్ని ఉల్లేఖిస్తే గ్రంథం పేరు, అధ్యాయం తప్పక రాయండి.

చిన్నపిల్లలతో చదివేవారికి ఒక జాగ్రత్త. అమెరికాలోని పాఠశాలలలో ఈ నవల మీద 1990లలో చాలా అభ్యంతరాలు వచ్చాయి, శిశుహత్య ఘట్టం వాటికి ఒక ముఖ్య కారణం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 19వ అధ్యాయాన్ని ఒంటరిగా చదవమని ఇవ్వవద్దు. పక్కన కూర్చుని, మీ గొంతుతో చదివి వినిపించండి. చదివాక వెంటనే ప్రతీకల గురించి మాట్లాడకండి. పిల్లలు ముందుగా ఆ నాన్న గురించే అడుగుతారు. వారి ప్రశ్నలు అయిపోయేవరకు ఆగి, ఆ తరువాత యోనా గ్రంథం చివరి వచనం తెరవండి.